బీరువాలో ఇంటిపేరు

జనగామలో మా ఇంటి వెనక గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. దాని తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. మా ఇంటిపేరున్న వస్తువులు తప్ప అందులో మరేమీ పెట్టను. పేరు కొట్టించిన ఇత్తడి బిందెలు రెండు, నిజాం కాలంనాటి భూమి లెక్కల ఉర్దూ పహాణీ నకలు ఒకటి, నూలు దొరకని రోజుల్లో మగ్గాలవాళ్లకిచ్చిన నూలు కార్డు ఒకటి. బచ్చన్నపేట దగ్గరి మా ఊళ్లో మా నాయినమ్మ ఇల్లు కూలినప్పుడు నేను మోసుకొచ్చిన దర్వాజ పైచెక్క కూడా ఉంది. దానిమీద ఉలితో చెక్కిన అక్షరాలు మా ఇంటిపేరే. ఏ వస్తువు ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఏ రోజు వచ్చింది, అంతా నా డైరీల్లో రాసి ఉంది.

నేను పనిచేసింది తహసీల్ ఆఫీసు రికార్డు గదిలో. కాగితాన్ని నమ్మకపోవడం ఆ గదే నేర్పింది. భూముల ధరలు పెరిగిన కొద్దీ పాత కాగితాలు పుట్టుకొచ్చేవి. కొత్త కాగితాన్ని చాయ డికాక్షన్‌లో ముంచి నీడన ఆరబెడతారు. కొందరు బియ్యం బస్తాలో పెట్టి పురుగుతో తినిపిస్తారు కూడా. కానీ నిజంగా పాతదైన కాగితాన్ని పురుగు మడతల మీద తింటుంది, అందుకే విప్పితే ఒక మడతలోని చిల్లు పక్క మడతలోని చిల్లుకు సరిపోతుంది. విప్పిన కాగితాన్ని తినిపించినవాడికి ఆ లెక్క తెలియదు. ఆ ఒక్క గుర్తుతో ఎందరినో వాపసు పంపాను.

మా మనుమరాలి సంబంధం మాట వచ్చినప్పుడు అందరూ నావైపు చూడటానికి కారణం ఇదే. ఆమె నా కొడుకు బిడ్డ. భూపాలపల్లి దిక్కు వ్యవసాయ విస్తరణ అధికారిగా పనిచేస్తుంది. అక్కడే బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా ఉన్న ఒక అబ్బాయిని చేసుకుంటానని ముందు మా ఇంటామెతో చెప్పింది. అబ్బాయిది మా కులమే, మంచి ఉద్యోగమే. ఒక్కటే చిక్కు, అబ్బాయి ఇంటిపేరు కూడా మాదే.

ఒక్క ఇంటిపేరు, ఒక్క గోత్రం అంటే పాలివాళ్లు. పిల్లలు అన్నాచెల్లెళ్లవుతారు. ఎన్ని తరాలు దాటినా మాలో ఆ పెండ్లి జరగదు. సంగతి తెలిసిన నాలుగో రోజు మా కొడుకు వచ్చి, రెండిళ్లకూ రక్తం ఒక్కటో కాదో నన్నే తేల్చమన్నాడు. ఒక్కటి కాదని నేనంటే తనకు అభ్యంతరం లేదు, ఒక్కటంటే ఈ మాట మళ్లీ ఇంట్లో రాకూడదన్నాడు.

మనుమరాలు ఆ సాయంత్రం నా గదికి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"తాతా, నువ్వు చూసి కాదంటే కాదు. నేను పారిపోయే దాన్ని గాదు. గని ఇంకొకన్ని జేసుకొమ్మని మాత్రం నన్నడగొద్దు."

ఆమె ఆ మాట కోపంగా అని ఉంటే నాకు తేలికయ్యేది.

ఆ ఇంటివాళ్లు నాకు కొత్త కాదు. మరిపెడలో మా ఇంటిపేరున్న కుటుంబం ఒకటుంది. అబ్బాయి తాత అక్కడివాడే, బొగ్గుబాయి పనికని భూపాలపల్లి పోయి స్థిరపడ్డాడు. ముప్పై రెండేళ్ల కింద మా నాయిన పోయినప్పుడు వాళ్లు పదో దినానికి వచ్చారు. పాలివాళ్లన్న తర్వాత మైల పట్టాలి, మగవాళ్లు గుండు చేయించుకోవాలి. వాళ్లు తలవెంట్రుకలతో వచ్చి, చేతిలో తెచ్చిన బట్టలు మాకు పెట్టి, అన్నం తిని పోయారు. ఆ రాత్రి డైరీలో రాశాను: "మరిపెడవారు బట్టలు తెచ్చినారు. గుండ్లు చేయించుకోలేదు. ఇక రాకపోకలు వద్దు." చివరి వాక్యం కింద రెండు గీతలు గీశాను. అప్పటి నుంచి వాళ్లు మా గడప తొక్కలేదు, మేం వాళ్ల గడప తొక్కలేదు.

ఆ రోజు పాలివాళ్లలాగా నడుచుకోనివాళ్లు ఈ రోజు పిల్ల కావాల్సి వచ్చేసరికి అసలు పాలివాళ్లమే కాదంటున్నారు. ఇంత అనుకూలమైన మాటను నేనెట్లా నమ్మాలి?

ఒక ఆదివారం అబ్బాయి తాత రెక్సిన్ సంచితో మా ఇంటికి వచ్చాడు. నా ఈడువాడే, సన్నని మనిషి, కుడి చెవి సరిగా వినబడదు. కూర్చోమంటే కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాడు. వచ్చిన దగ్గర్నుంచి నన్ను "సార్" అనే పిలిచాడు. ఒక్క ఇంటిపేరువాడు అన్న అనో, చిన్నవాడైతే తమ్ముడా అనో పిలవాలి. వరుస కలపకుండా ఈ సార్ ఏమిటి? మొదటి అనుమానం అక్కడే మొదలైంది.

సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి బల్లమీద పెట్టాడు. పేరు కొట్టించిన కంచు చెంబు, మా దగ్గరున్నట్టే ఒక నూలు కార్డు, నాలుగు మడతల ఉర్దూ కాగితం. భూతద్దం తెచ్చి అరగంట చూశాను. చెంబు మీద అక్షరాల గాట్లలో తోముడుకు పోని నలుపు ఉంది. ఉర్దూ కాగితంలో చిల్లులు మడతకు మడత సరిపోయాయి. అన్నీ నిజమైనవే. కానీ వాటితో తేలిందేమిటి? రెండిళ్లదీ ఒక్క పేరేనని, అంతే. పైగా ఒక అబద్ధాన్ని దాచాలంటే దాని చుట్టూ నిజమైన కాగితాలు పెట్టడం పాత విద్య.

సంచి అడుగున ఎర్రగుడ్డ అట్ట వేసిన పుస్తకం ఒకటి కనిపించింది. అదేమిటని అడిగాను. ఇంట్లో ఆడవాళ్ల పుస్తకమనీ, ఒడిబియ్యం రాసుకునేదనీ అన్నాడు. పెండ్లయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్లు పిలిచి, కొంగులో బియ్యం, పసుపు, ఎండుకొబ్బరి పోసి పంపే ఆచారం మాలో ఉంది. ఎవరికి ఎప్పుడు పోశారో కొన్ని ఇళ్లలో రాసి పెట్టుకుంటారు. చూపించమన్నాను.

"గిప్పుడెందుకు సార్? అందరున్నరు గద," అని సంచి జిప్పు వేశాడు.

అందరూ అంటే మా ఇంటామె, మా కొడుకు, తలుపు దగ్గర నిలబడ్డ మనుమరాలు. కాగితం చూపడానికి వచ్చినవాడు నలుగురి ముందు చూపనంటున్నాడు. నేను వదల్లేదు. పేరొక్కటై రక్తం వేరంటే ఏదో ఒక ఇంట్లో బయటినుంచి వచ్చి కలిసినవాడు ఉండాలి, అంటే ఇల్లుటం వచ్చిన అల్లుడు. మీ ఇంట్లో ఇల్లుటం వచ్చింది ఎవరని సూటిగా అడిగాను.

ఆయన చాయ గ్లాసు వైపు చూశాడు.

"ఎవలో ఒకలు వచ్చిండ్రు సార్. ఎన్కటి ముచ్చట."

నేను తలెత్తేసరికి మనుమరాలు కూడా చూపు దించుకుంది. వీళ్లంతా ముందే మాట్లాడుకుని వచ్చారని నాకు రూఢి అయింది. ఆయన పోయాక డైరీలో రెండు పేజీలు రాశాను. పుస్తకం చూపలేదు, వరుస పెట్టి పిలవలేదు, అడిగినదానికి పేరు చెప్పలేదు, పిల్లకు ముందే ఏదో తెలుసు. అబ్బాయి ముత్తవ్వ ఇంకా మరిపెడలోనే ఉందని మాటల్లో ఆయనే అన్నాడు. ఆమెకు వీళ్లు పాఠం నేర్పకముందే నేను పోవాలి.

మంగళవారం పొద్దున కండ్ల దవాఖానకు పోతున్నానని ఇంట్లో చెప్పి, పాలకుర్తి మీదుగా తొర్రూరు పోయి, అక్కడ బస్సు మారి మరిపెడలో దిగాను. ఇల్లు మార్కెట్ వెనక సందులో. వాకిట్లో గోనెపట్టా పరుచుకుని ఒక ముసలావిడ ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. తొంభై దాటి ఉంటుంది. కండ్లు మసక, చేతులు మాత్రం ఆగడం లేదు. నేను పేరు చెప్పలేదు. పింఛను సంగతి విచారించడానికి ఆఫీసు నుంచి వచ్చానని అన్నాను. ఆమె తల పక్కకు వంచి విన్నది.

"ఆఫీసోనివైతే చెప్పులెందుకు ఇడిసినవు బిడ్డా? గోలెం కాడ కాళ్లెందుకు గడుక్కున్నవు? ఆఫీసోల్లు గేటు కాడికెల్లే ఒర్రుతరు. ఎవలింటోనివి?"

నా అబద్ధం పది నిమిషాలు కూడా నిలవలేదు. ఊరూ, మా నాయిన పేరూ చెప్పాను. ఆమె మిరపకాయలు పక్కకు జరిపి, కొంగుతో చేతులు తుడుచుకుని నా మొహం దగ్గరకు మొహం తెచ్చి చూసింది.

"అయితే నాకు అల్లునివైతవు. అత్త ఇల్లు ఇన్నేండ్లకు యాదికొచ్చిందా అల్లుడా?"

నాకు అది పెద్ద దెబ్బ. మేం పాలివాళ్లమే అయితే ఆమెకు నేను కొడుకు వరుస. అల్లుడనే పిలుపు పాలివాళ్ల ఇంట్లో పుట్టదు. అయినా ఊరుకోలేదు. పేరొక్కటైనప్పుడు నేను అల్లుణ్ణెట్లా అవుతానని వాదించాను.

"పేరు మాది. మీ నాయినమ్మ మా ఇంటి ఆడబిడ్డ. మీ తాతనే ఇల్లుటమొచ్చిండు," అంది ఆమె. సందు మూలన దుకాణం ఎక్కడుందో చెప్పినంత మామూలుగా అంది.

తర్వాత ఆమె చెప్పినదంతా నా మాటల్లో రాస్తున్నాను. మా నాయినమ్మ తండ్రికి ఒక్కతే బిడ్డ, నాలుగు మగ్గాలు. గంగారం అవతల అడవి అంచు పల్లె నుంచి భుజాన బట్టల మూటతో అమ్మకానికి వచ్చిన పిల్లవాణ్ణి చూసి, పని నచ్చి, బిడ్డనిచ్చి ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఆ పిల్లవాడు మా తాత. మగ్గం వాళ్లది, ఇల్లు వాళ్లది కనుక ఊరు అతన్ని ఆ ఇంటిపేరుతోనే పిలిచింది. పట్వారీ కూడా అట్లానే రాసుకున్నాడు. మా నాయినను బడిలో వేసినప్పుడూ అదే పేరు. నాయినమ్మకు తోడబుట్టినవాళ్లు లేరు కనుక పెదనాయిన కొడుకు ఆమెను మరిపెడకు పిలిపించి ఒడిబియ్యం పోసేవాడు. ఆయనే ఈ అవ్వ భర్తకు తండ్రి. ఆయన పోయాక అవ్వ భర్త పోశాడు. నాయినమ్మ చనిపోయినప్పుడు వీళ్లు మూడు రోజులే మైల పట్టారు. ఆడబిడ్డకు అంతే.

నేను అలవాటు మానుకోలేదు. కాగితమేమైనా ఉందా అని అడిగాను. పుస్తకం కొడుకు తీసుకుపోయాడని అంది. అయితే మా నాయినమ్మ ఎట్లా ఉండేదో చెప్పమన్నాను. అవ్వ తన ఎడమచేతి చిటికెనవేలు పట్టుకుని పక్కకు వంచింది. పెండ్లికి ముందే మగ్గం గుంటలో పడి ఆ వేలు విరిగిందట. ఆ వంకర వేలు నాకు తెలుసు. చిన్నప్పుడు దాన్ని పట్టుకునే నడిచేవాణ్ణి. అది ఎట్లా వంకరపోయిందో మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"మీ నాయిన పోయిననాడు మా కొడుకు బట్టలు దెచ్చిండు గదా. పాలోడు బట్టలు దెస్తడా అల్లుడా? గుండు గీకిచ్చుకుంటడు. తల్లి పుట్టింటోల్లు బట్టలు దెస్తరు. నువ్వు మొకం దిప్పుకున్నవని ఇంటికొచ్చి ఏడ్సిండు."

ముప్పై రెండేళ్ల నుంచి ఆ రోజు డైరీలో రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉన్నాయి. బట్టలు తెచ్చినారు, గుండ్లు చేయించుకోలేదు. రెండోదే చదువుతూ వచ్చాను. ఎదుటివాళ్ల కాగితాల్లో మడతలు లెక్కపెట్టినవాణ్ణి నా రాతలో మొదటి వాక్యం అర్థం చేసుకోలేదు.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. మా నాయినే వద్దన్నాడట. జనగామకు మారేముందు మరిపెడకు వచ్చి, తనను ఊళ్లో ఇల్లుటపోని కొడుకని ఎత్తిపొడిచిన మాటలు చెప్పి, ఆ మాట పిల్లలదాకా రానీయొద్దని అవ్వ భర్త చేతులు పట్టుకున్నాడట. వీళ్లు మాట నిలబెట్టుకున్నారు. ఆదివారం నాడు జిప్పు ఎందుకు పడిందో, ఆ "సార్" ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది. బావా అంటే అంతా బయటపడేది.

మా తాత అసలు ఇంటిపేరు, గోత్రం అవ్వ చెప్పింది. రెండుసార్లు అడిగి రాసుకున్నాను.

తిరుగు బస్సులో లెక్క సరిచూసుకున్నాను. తాత ఆ ఇంటి పిల్లను చేసుకున్నాడంటేనే గోత్రాలు వేరని. నాయినమ్మ సంతానం మేము, ఆమె అన్న సంతానం వాళ్లు. అన్నాచెల్లెళ్లని నేను ఆపిన పిల్లలు వరుసకు బావామరదళ్లు. సంతోషించాలి. కానీ తొర్రూరు దాటేవరకూ నేను ఆలోచించింది పిల్ల గురించి కాదు, బీరువా గురించి.

అవ్వ మాటను కూడా ఒక్కదాన్నే నమ్మలేక, రెండు రోజులకు గంగారం అవతలి ఆ పల్లెకు పోయాను. ఆ ఇంటిపేరువాళ్లవి రెండిళ్లున్నాయి. బట్టల మూటతో పోయి మళ్లీ రాని మనిషి ఒకడున్నాడని వాళ్ల పెద్దలు అనుకునేవారట. పాత కాగితాలుంటే చూపమని అడిగేసరికి ఇంటాయన తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. భూమిలో పాలు అడగడానికి వచ్చానా అన్నాడు. కాదంటే నమ్మలేదు. నేను కూడా ఆయన స్థానంలో ఉంటే నమ్మేవాణ్ణి కాదు.

ఆ తర్వాతి ఆదివారం తీర్పు చెప్పే రోజు. అబ్బాయి తాత అందరికంటే ముందే వచ్చి, నన్ను వెనక గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరకు వేశాడు. నేను మరిపెడ పోయిన సంగతి అవ్వ ఫోనులో చెప్పిందన్నాడు. పుస్తకం తీసి నా చేతికిచ్చాడు. మా నాయినమ్మ పేరు, మా ఊరు, పోసిన బియ్యం, పెట్టిన చీర, పేజీ తర్వాత పేజీ ఉన్నాయి. నేను భూతద్దం తీయలేదు.

"సార్, ఇల్లుటమొచ్చింది మా తాతే అని చెప్పుదాం. నేను బాయిల దిగి పనిజేసినోన్ని, నన్నెవడు అడుగుతడు? మీకు ఈ ఊళ్ల పేరున్నది."

ఇంత మంచితనానికి వెనక ఏముందోనని అప్పుడు కూడా నా మనసు వెతికింది. బదులుగా మీకేం కావాలని అడిగేశాను. ఆయన వినబడని చెవి అడ్డమొచ్చి మళ్లీ అడిగించుకున్నాడు. విని నవ్వాడు.

"పిల్లను. అడిగినం గదా, ఇంకేముంటది?"

ఒప్పుకోవడం తేలికే. పెండ్లి జరుగుతుంది, బీరువా అట్లాగే ఉంటుంది. కానీ అట్లా చెబితే పెండ్లిలో అబ్బాయికి తనది కాని గోత్రం అంటగట్టాలి, పిల్లకు కూడా అంతే. ఎవరెవరో చాయలో ముంచి తెచ్చిన కాగితాలు వాపసు పంపినవాణ్ణి, నా మనుమరాలి పెండ్లిలో అటువంటిది ఒకటి నేనే తయారుచేసినవాణ్ణవుతాను.

ముందు గదిలో అందరూ కూర్చున్నాక నిలబడే చెప్పాను. ఇల్లుటం వచ్చింది మా తాత. ఈ ఇంటిపేరు మా నాయినమ్మది. పిల్లలకు వరుస కుదురుతుంది. మూడు వాక్యాలే. మా కొడుకు మరి తన సర్టిఫికెట్లలో పేరు సంగతేమిటని అడిగాడు. ఉన్నదే ఉంటుందన్నాను. అబ్బాయి తాత మొదటిసారి నన్ను బావా అని పిలిచి, కూర్చోమని చెయ్యి పట్టి లాగాడు. మా ఇంటామె మాత్రం ఊరుకోలేదు.

"యాభై ఏండ్ల సంది ఇంటిపేరు, ఇంటిపేరని నా పుట్టింటి ముచ్చట నోట్లెకెల్లి రానియ్యలే. ఆకర్కి అది నీ నాయినమ్మ పుట్టింటిదా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

మనుమరాలికి ఇదంతా ముందే తెలుసు. నెల కిందటే ఆ పుస్తకం చూసిందట. నాతో ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగాను.

"నువ్వే చూసి చెప్పాలె తాతా. నేను జెప్తే నన్నే అనుమానిస్తువు."

ఆమెను అప్పటికే అనుమానించానని డైరీలో ఉంది.

పోయిన నెల భూపాలపల్లిలో నిశ్చితార్థం జరిగింది. పీటలమీద పిల్లను కూర్చోబెట్టి పంతులు మా గోత్రం అడిగాడు. డెబ్బై నాలుగేళ్లు పలికిన గోత్రం నోటిదాకా వచ్చింది. దాన్ని ఆపి, అవ్వ చెప్పినది అన్నాను. కొత్త మాట కదా, పక్కవాళ్లకే వినబడేంత మెల్లగా వచ్చింది. పంతులు చెయ్యి చెవికి ఆనించుకుని మళ్లీ అడిగాడు. ఈసారి వెనక వరుసలో కూర్చున్నవాళ్లకు కూడా వినబడేలా చెప్పాను.